కెతుపోంగ్ కూసినంతసేపూ

పొద్దున్నే, స్తంభాల మీద ఊరంతటికీ ఒకే ఇల్లుగా కట్టిన ఆ పొడవింటి అరుగు మీద ఆడవాళ్ళు వడ్లు ఆరబోస్తుంటే, పొలానికి బయల్దేరినవాళ్ళలో ఎవరో ఒకరు తిరిగి వచ్చేసేవారు. కెతుపోంగ్ కూసిందని ఎవరూ చెప్పక్కర్లేదు. అది బొటనవేలంత వడ్రంగి పిట్ట, తోక ఉందో లేదో కూడా తెలియదు. అది కూసినంతసేపూ దారి మడతపడి, ముందుకు నడిచే మనిషిని తెచ్చి ఇంటి నిచ్చెన దగ్గరే దించేది. వచ్చినవాళ్ళు కాళ్ళు కడుక్కుని బుట్టలు అల్లుకుంటూ కూర్చునేవాళ్ళు. కుండలో ఇంకో గుప్పెడు బియ్యం పడేది.

జెలియాకు మాత్రం ఆ కూత వింటే ఒళ్ళు చల్లబడేది. ఆమె చిన్నప్పుడు వాళ్ళ నాన్న, దారి మడతపడితే పడనీ అని, అడ్డంగా అడవిలోకి దిగాడు. తర్వాత వెతికితే ఆయన బుట్ట ఒక్కటే దొరికింది.

ఇప్పుడు ఆమె కూతురు సుయాకి కడుపునొప్పి. రాత్రంతా ఏడ్చిన పిల్ల తెల్లవారేసరికి ఏడుపు మానేసింది. పొట్ట చెక్కలా బిగుసుకుపోయింది. భర్త ఎక్కడో కలప క్యాంపులో ఉన్నాడు. ఏట్లో నీళ్ళు తగ్గి రాళ్ళు తేలడంతో, మోటారు పడవ దిగువ రేవులోనే ఆగిపోయింది. వెదురు పొదల్లోంచి నడిచి అక్కడికి చేరితే గానీ టౌను ఆసుపత్రికి పోలేరు. మరిది గరాయ్ పిల్లను వీపుకి కట్టుకున్నాడు.

వెదురు పొదలు వచ్చాయో లేదో, కూత వినబడింది. కీచుమంటూ, ఆగకుండా. నాలుగడుగులు వేశారు, ఎదురుగా తమ ఇంటి నిచ్చెన.

మెట్టు మీద కూర్చున్న ఉంచట్ మావ, పిట్టల మాట తెలిసిన పెద్దాయన, పిల్ల నుదురు తాకి చూసి, ఈ పూటకి ఆగమన్నాడు. అది ఊరికే కూయదనీ, ముందు ఏదో కీడు ఉండి ఉంటుందనీ అన్నాడు.

"రేపటికి పిల్ల దక్కదు మావా," అంది జెలియా.

మళ్ళీ వెళ్ళారు. మళ్ళీ నిచ్చెన దగ్గరే తేలారు. ఆడవాళ్ళు పిల్లను పడుకోబెట్టడానికి అరుగు మీద చాప పరిచారు. జెలియా పిల్లను గరాయ్ వీపు మీంచి దించనివ్వలేదు.

మూడోసారి పొదల దగ్గర గరాయ్ ఆగిపోయాడు. "అడ్డంగా దిగేద్దామా వదినా?"

వాళ్ళ నాన్న బుట్ట ఆమె కళ్ళ ముందు మెదిలింది. "వద్దు," అంది. "పిట్ట దగ్గరికే పోదాం."

అలా ఎవరూ వెళ్ళినట్టు వాళ్ళు వినలేదు. ఆ కూత వినగానే అందరూ వెనుదిరిగేవాళ్ళే. జెలియా కూత వస్తున్న వైపే నడిచింది. దారి మడతపడలేదు.

ఆమె భుజమంత ఎత్తున ఎండిన వెదురుబొంగులో చిన్న కన్నం ఉంది. పక్క కొమ్మ మీద తుప్పురంగు పిట్ట, నుదుటి మీద పసుపు మచ్చ, ఈకలన్నీ రేగి ఉన్నాయి. నోరు మూయకుండా అరుస్తోంది. బొంగుకి చుట్టుకుని ఉన్న పాము తన తలని అప్పుడే కన్నంలో పెట్టబోతోంది. లోపలి నుంచి సన్నగా కిచకిచలు వస్తున్నాయి.

"ఇది మనకేమీ చెప్పడం లేదు గరాయ్," అంది జెలియా మెల్లగా. "దీనికి భయం వేస్తోంది."

నడుముకున్న కత్తి తీసి ఎత్తింది గానీ, దెబ్బకి వెదురు చీలితే గూడు పోతుంది. కత్తి కింద పడేసింది. కళ్ళు గట్టిగా మూసుకుని పాము తోక పట్టుకుని లాగింది. చల్లగా, బిగువుగా అది చేతికి చుట్టుకుంది. విదిలించి దూరంగా విసిరేసింది.

కూత ఆగింది. పిట్ట కన్నంలోకి దూరిపోయింది.

ఆ నిశ్శబ్దంలో పొదల అవతల నీళ్ళ చప్పుడు వినబడింది. ఎప్పుడూ చేరడానికి సగం పూట పట్టే రేవు అక్కడే, పక్కనే ఉంది. పడవవాడు బీడీ కూడా ముట్టించుకోకముందే ఎక్కేశారు. ఇంకాస్త ఆలస్యమైతే తన చేతిలో ఏమీ ఉండేది కాదని ఆసుపత్రిలో డాక్టరు చెప్పాడు.

పొట్ట మీద కుట్లతో సుయా ఇంటికి వచ్చాక, పిట్ట ఏం చెప్పిందని ఉంచట్ మావ అడిగాడు.

"మనల్నేమీ అనలేదు మావా. దాని పిల్లల కోసం ఏడ్చింది."

ఇన్నేళ్ళుగా తను ఆపేసిన ప్రయాణాలన్నీ పెద్దాయన మొహంలో ఒక్కొక్కటే కదిలినట్టు జెలియాకు అనిపించింది. చివరికి కన్నం ఎంత ఎత్తున ఉందని అడిగాడు. ఆమె తన భుజం చూపించింది.

"ఆ ఎత్తుకి ఏ పామైనా ఎక్కుతుంది," అని గొణుక్కుంటూ ఆయన లేచాడు. బొంగు చుట్టూ కట్టడానికి చేతినిండా ముళ్ళకంప కోసుకుని, వెదురు పొదల వైపు నడిచాడు.