పప్పు మీటరు

కందిపప్పుకు ఊరూరా పేరున్న తాండూరులో, ఒక ప్రాథమిక పాఠశాల పిల్లలు మాత్రం మధ్యాహ్న భోజనంలో పప్పును పళ్లెం ఎత్తి తాగేవారు. ఈ సంగతి వైశాలికి వచ్చిన రోజే తెలిసింది. తెలిసీ ఊరుకుంది. ఆమె వచ్చింది పప్పు కోసం కాదు మరి.

వైశాలిది మోమిన్‌పేట, చదువు హైదరాబాద్ యూనివర్సిటీలో. ఆఖరి సెమిస్టరులో ఆరు వారాలు బడిపిల్లలతో కూర్చుని, వాళ్లకు తోచిన కొత్త వస్తువును వాళ్ల చేతులతోనే చేయించాలి. చివర్న హెడ్‌మాస్టరు కాగితం మీద సంతకం పెడితే పాసు, లేకపోతే ఇంకో ఏడాది అదే బెంచీ. పంపిన ప్రొఫెసరు ఒక్కటే నియమం పెట్టాడు: పిల్లలు ఏం చేస్తామన్నా వద్దనకూడదు. ఆయన ఎన్నడూ తాండూరు రాలేదు కాబట్టి అంత ధైర్యంగా పెట్టగలిగాడు.

తోటి విద్యార్థి షెహబాజ్ దగ్గర కూర్చున్న పిల్లలు బుద్ధిగా అట్టముక్కలతో పంకాలు చేశారు. వైశాలి దగ్గరికి మూడో తరగతి అతియా వచ్చింది. వాళ్ల నాన్న ఉస్మాన్ నాపరాళ్లు పాలిష్ పట్టే చోట పనిచేస్తాడు. ఎండిపోయిన స్కెచ్ పెన్ను గొట్టంలో అక్కడి రాతి పలుకులు నాలుగు వేసి, మూత బిగించి, మేకుతో మూడు గీతలు గీకి తెచ్చింది.

"పప్పు మీటరు అక్కా. పప్పుల ముంచాలె. పల్చగుంటే మునుగుతది, గట్టిగుంటే తేలుతది."

గీతల పేర్లు అతియా నోట్‌బుక్కులో ఉన్నాయి. గొట్టం పైగీత దాకా మునిగితే నల్లా నీళ్లు. నడిమి గీతకు చారు. కిందిగీతకు మంచి చారు. అప్పటికి ఇరవై రెండు పూటల కొలతలు రాసుకుంది. అందులో 'మంచి చారు' ఒక్కసారే. ఆ రోజు సగం మంది పిల్లలు దర్గా ఉర్సుకు వెళ్లారట.

చదివి వైశాలి పడీపడీ నవ్వింది. హెడ్‌మాస్టరు ఈశ్వరయ్య నవ్వలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే రకం ఆయన.

"ఏమ్మా, సైన్సు నేర్పమంటే చాడీలు నేర్పుతున్నవా? బుధవారం వికారాబాద్ నుంచి మేడమొస్తున్నది, జిల్లా ప్రదర్శనకు వస్తువులు ఏరనీకి. గా పుల్లను జర మూలకు పెట్టు. నీ కాయితం నా తాననే ఉన్నది, యాది పెట్టుకో."

వైశాలి తలూపింది. ఊపినందుకు తన మీద తనకే ఒళ్లు మండింది. అయినా వెళ్లి, "ఇంకోటి చేద్దామా అతియా?" అని అడిగింది.

"ఎందుకక్కా? గిది మంచిగనే పనిచేస్తున్నది గదా?"

వైశాలి నోట్‌బుక్కు మూసి పిల్ల చేతికే ఇచ్చేసింది.

ఇంతలో ఈశ్వరయ్య బుర్ర పాదరసంలా పనిచేసింది. మూల పెట్టడమెందుకు? ఆ ఒక్కనాడు పప్పు గట్టిగా వండిస్తే మీటరే బడికి మంచి పేరు తెస్తుంది. "పెట్టనియ్యి, పెట్టనియ్యి. పిల్లల ఉత్సాహం మనమెందుకు చెడగొట్టాలె?" అన్నాడు మర్నాడు, తానే ఆ ప్రొఫెసరు గురువైనట్టు.

బుధవారం వంటమనిషి సత్యమ్మ వండిన పప్పులో గరిటె నిలబడింది. వాసనకు పిల్లలు లెక్కలు మానేశారు. వికారాబాద్ నుంచి వచ్చిన సావిత్రమ్మ మేడం పంకాలన్నీ చూసి అతియా దగ్గర ఆగింది. అతియా గిన్నెలో గొట్టం ముంచింది. అది మునగలేదు. జెండా కర్రలా నిటారుగా నిలబడింది, మూడు గీతలూ పప్పుకు పైనే ఉన్నాయి. తీసి, తుడిచి, మళ్లీ పెట్టింది. అదే వరస. పిల్ల మొహం మాడిపోయింది.

"ఖరాబయింది మేడం."

"ఎట్ల తెలుసు?"

"గిట్ల ఎన్నడు చూపియ్యలే."

ఈశ్వరయ్యకు మీటరు పొగడ్త మీద ఆశ పోయింది. పరువు దక్కితే చాలనుకున్నాడు. "చిన్నపిల్లల పని మేడం! ఖరాబయిందని ఆ పిల్లనే చెప్తున్నది. ఏమ్మా వైశాలీ, అంతేనా?" అంటూ చొక్కా జేబులోని కాగితాన్ని వేళ్లతో తట్టాడు.

అవునంటే చాలు. అతియా కళ్లు తుడుచుకుంటూ గొట్టాన్ని చెత్తబుట్ట వైపు తీసుకెళ్తోంది. అది చూసేసరికి వైశాలికి ఏడుపొచ్చింది, దాని వెనకే కోపమూ వచ్చింది. వెళ్లి పిల్ల చెయ్యి పట్టుకుంది.

"మీటరు మంచిగనే ఉన్నది మేడం. ఇయ్యాల పప్పు మారింది."

మేడం నోట్‌బుక్కు అడిగి తీసుకుంది. ఒక్కో పేజీ నిదానంగా తిప్పింది. ఈశ్వరయ్య గుర్రుగా సత్యమ్మ వైపు చూశాడు.

"నా దిక్కెందుకు చూస్తవు సారూ? ఎంతిస్తే గంత వండుత. ఇయ్యాల నాలుగింతలు నువ్వే ఇస్తివి గదా."

ఈశ్వరయ్య జేబులోని కాగితాన్ని తీసి, రెండు ముక్కలుగా చింపాడు. వైశాలి చూసింది. ఏడాది పోతే పోయిందనుకుంది.

అతియాకు ఇవేవీ పట్టలేదు. మీటరు బాగానే ఉందన్న ఒక్క మాటే చెవిన పడింది. మేకు తెచ్చి, గొట్టం అడుగున, పప్పు అంటిన చోట నాలుగో గీత గీకింది. మేడం చేతిలోంచి నోట్‌బుక్కు లాక్కుని పెన్సిలు పట్టుకుంది.

"అక్కా, దీనికేం పేరు రాయాలె?"

"పప్పు అని రాయి," అంది వైశాలి.