మంగళవారం ఏరిన పుట్టకొక్కులు

పుట్టకొక్కుల సంగతి వచ్చిందంటే చంద్రవ్వ ఇంట్లో పెద్దకోడలు లింగవ్వ మాటే మాట. ఆరుద్ర కార్తెలో రెండు వానలు గట్టిగా పడి, ఆకాశం ఒకసారి ఉరిమితే చాలు, మరునాడు పొద్దు పొడవకముందే ఆమె గంప చంకన పెట్టుకుని సాలెవాడ దాటేది. చెలకల గట్ల మీద ఈ పుట్టగొడుగులు మొలిచే చెదపుట్టలు ఎక్కడెక్కడ ఉన్నాయో ఆమె కాళ్లకే తెలుసు. గొడుగు నడుమ కదురు మొనలాగా చిన్న ముల్లు ఉండాలి. కాడ పట్టి మెల్లగా లాగితే కింద ఎలుకతోకలాంటి వేరు సాగి రావాలి. ఆ రెండూ ఉంటేనే గంపలో వేసేది.

ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది. చంద్రవ్వ అత్త కాలం నుంచి వస్తున్నది. ఎవరు ఏరారో వాళ్లే మొదటి బుక్క తినాలి. వాళ్లు తిన్నాక, మగ్గం మీద జానెడు బట్ట నేసేంత సేపు మిగతావాళ్లు ముట్టకూడదు. పదకొండేళ్లుగా ఆ మొదటి బుక్క లింగవ్వదే. ఆ కాసేపు ఇంటిల్లిపాదీ ఆమె మొహంలోకే చూసేవాళ్లు. భర్త సాంబయ్య మగ్గం గుంటలోంచి మెడ చాచేవాడు. నోరు విప్పితే కసిరే చంద్రవ్వ కూడా "ఎట్లున్నది బిడ్డా, బాగనే ఉన్నదా?" అని రెండుసార్లు అడిగేది. ఏడాది పొడుగునా కండెలు చుట్టి, గంజి కాచి, పొయ్యి ఊది, ఎవరి కంటా పడని మనిషికి ఆ కాసేపు పండుగలా ఉండేది. ఈ మాట లింగవ్వ ఎవరితోనూ అనలేదు.

నర్మద కాపురానికి వచ్చాక ఆ పండుగ మీద నీడ పడింది.

నర్మద చిన్నకోడలు, మరిది లక్ష్మీరాజం భార్య. మందమర్రి పిల్ల. తండ్రి మగ్గం వదిలి బొగ్గుబాయిలో పనికి కుదిరాడు. కాలనీలో పెరిగిన పిల్లకు మగ్గాల ఇంటి పని ఏం వస్తుందిలే అని లింగవ్వ మొదట ధీమాగానే ఉంది. తీరా చూస్తే నూలుకు రంగు వేయడంలో ఆ పిల్ల గట్టిది. ఆ ఇంట్లో ఆకుపచ్చ రంగు ఎప్పుడు వేసినా మచ్చలు మచ్చలుగా పట్టేది. నర్మద చెయ్యి పడ్డాక నూలు చిలప మొత్తం ఒక్కతీరుగా పట్టింది. "చిన్నదాని చేతిల ఏమున్నదో!" అంది చంద్రవ్వ. అప్పటి నుంచి ప్రతిదానికీ "చిన్నదాన్ని అడుగుండ్రి" అనడమే. లింగవ్వ అన్నీ మింగింది.

హుస్నాబాద్‌కు సర్కారు బస్సు కొత్తగా పడిన యేడు అది. మొదటి ఉరుము ఉరిమిన మరునాడే లింగవ్వ జ్వరంతో లేవలేకపోయింది. మధ్యాహ్నానికి నర్మద కొంగు నిండా పుట్టకొక్కులు తెచ్చింది. ముల్లూ ఉంది, తోకా ఉంది. వంక పెట్టడానికి ఏమీ లేదు. వండింది, మొదటి బుక్క తిన్నది. అందరూ ఆమె మొహం చూశారు. సాంబయ్య కూడా మెడ చాచి చూశాడు. అది లింగవ్వ కంటపడింది.

నర్మద గిన్నె తెచ్చి పక్కన పెట్టింది. "అక్కా, జర రుచి చూడు."

"జెరం నోటికి ఏం రుచి తెలుస్తదే," అని లింగవ్వ గోడవైపు తిరిగింది.

లోపలి నుంచి చంద్రవ్వ గొంతు వినబడుతూనే ఉంది. "ఎన్నేండ్ల సంది తింటున్న గని, గింత కమ్మగ ఎన్నడు లేకుండె."

ఆ కూర వాసన పోయింది గానీ ఆ మాట పోలేదు. ఒంట్లో వేడి పూర్తిగా తగ్గకముందే, మంగళవారం పొద్దువాలే వేళకు లింగవ్వ గంప తీసుకుని బయలుదేరింది. గట్ల మీది పుట్టలన్నీ ఖాళీ. పీకిన చోట గుంతలు మాత్రం ఉన్నాయి. ఆ గుంతల్లో నర్మద వేళ్లే కనబడినట్టనిపించింది. ఉత్త గంపతో ఇల్లు చేరితే ఇక ఆ ఇంట్లో తనదంటూ మిగిలేదేమిటి?

ఊరి పశువులు మేసే బంచరాయి దాకా నడిచింది. ఎన్నడూ అటు పోలేదు. అక్కడ పుట్టలుండవు. అంతా గడ్డీ పేడా. కానీ ఆ గడ్డిలో వరసకట్టి, గుండ్రంగా, తెల్లగా కనబడ్డాయి. ఒక్కొక్కటి మోదుగాకంత.

లింగవ్వ గంప కింద పెట్టింది. వంగి ఒకటి పట్టుకుంది. కాడ పుటుక్కున విరిగింది, తోక రాలేదు. లోపలే ఉండిపోయి ఉంటుంది అనుకుంది. నడుమ ముల్లు లేదు, గోధుమరంగు పొలుసులున్నాయి. బాగా విచ్చుకుంటే ముల్లు అణిగిపోతుందేమో అనుకుంది. కాడకు పైన, మెడకు పట్టీ కట్టినట్టు తెల్లటి కట్టొకటి ఉంది. దానికి మాత్రం ఏమీ అనుకోలేకపోయింది. ఇంకెవరైనా తెచ్చి చూపించి ఉంటే "అవతల పారెయ్యి" అనేది. నర్మద తెచ్చింది కొంగెడు. తాను గంపెడు తీసుకుపోతే? వెలుగు సన్నగిల్లేలోపు గంప నిండింది.

ఇంట్లో అడుగు పెట్టగానే లక్ష్మీరాజం నోరు తెరిచాడు. "వదినె, గివి కొక్కులా గొడుగులా? ఒక్కటి పట్టుకుంటె వానల హుస్నాబాద్ దాక పోవచ్చు."

చాలా రోజుల తరువాత లింగవ్వకు నవ్వొచ్చింది.

నర్మద ఒకటి తీసి అటూ ఇటూ తిప్పింది. "ఇవి ఏ పుట్ట మీదియక్కా?"

"బంచరాయిల దొరికినయ్."

"మా దిక్కు గీ మెడకు కట్టున్నదాన్ని తినరక్కా. మా అవ్వ అయితె ముట్టనే ముట్టనియ్యదు."

"మీ దిక్కు బొగ్గు తింటరేమో! పదకొండేండ్ల సంది ఏరుతున్న. నిన్నగాక మొన్న వచ్చి నాకు నేర్పుతవా?"

"నేర్పుడు కాదక్కా..."

"ఒక్కపారి కొంగుల తెస్తెనే గింత తెలివొచ్చిందా నీకు?"

నర్మద దాన్ని మళ్లీ గంపలో వేసింది. చంద్రవ్వ చేతులూపింది. "ఇయ్యాల మంగళారం. కొండగట్టు అంజన్నకు మొక్కి విడిచిన వారం. నీసు ముట్టద్దు. రేపు పొద్దుగాల వండుండ్రి." ఆమె లెక్కలో పుట్టకొక్కూ మాంసమే.

లింగవ్వ చాట తీసుకుంది. అడుగున వేయడానికి పాత గుడ్డ చాలు. అయినా మగ్గం మీంచి అంతకుముందే దిగిన కొత్త తెల్ల తువ్వాల పరిచింది. తాను తెచ్చినవి ఆ తెలుపు మీద నలుగురికీ కనబడాలి. కాడలు విరిచి, గొడుగులు నలగకుండా బోర్లించి పేర్చింది.

తెల్లవారి గొడుగులు ఎత్తి గంపలోకి తీస్తే, తువ్వాల నిండా ఆకుపచ్చ మరకలు. చూడగానే ఆమెకు తట్టింది ఒక్కటే. నిన్న పగలంతా నర్మద అంచు నూలుకు ఆకుపచ్చ రంగు వేసింది. ఇంకెవరింట్లో ఐనా మరో ఆలోచన వచ్చేదేమో గానీ రంగుకుండలున్న ఇంట్లో తెల్లబట్టకు మరక పడితే రంగు చెయ్యి తగిలినట్టే. లింగవ్వకు కోపం కంటే ముందు సంతోషం వచ్చింది.

"అత్తా! జర ఇటు రా! కొత్త తువ్వాల ఏం చేసిందో చూడు నీ చిన్నకోడలు!"

చంద్రవ్వ వచ్చింది, మగవాళ్లిద్దరూ వచ్చారు. నర్మద బిత్తరపోయింది. "నేను చాట దిక్కే రాలే అత్తా."

"రాకుంటె రంగు నడిచొచ్చిందా? చేతులు చూడుండ్రి దానియి!"

నర్మద చేతులు మణికట్టు దాకా ఆకుపచ్చగానే ఉన్నాయి. ఒక్కసారి వాటిని చూసుకుని వెనక్కి పెట్టుకుంది. "కండ్లు నెత్తికెక్కినయా బిడ్డా, తెల్లబట్ట కనబడలేదా?" అని చంద్రవ్వ కసిరింది. లక్ష్మీరాజం అడ్డుపడలేదు. నర్మద తువ్వాల తీసుకుని బావి దగ్గరికి పోయింది.

లింగవ్వ కడుపు చల్లబడింది. హుషారుగా పొయ్యి ముట్టించింది. చీకటి వంటింట్లో చకచకా కోసి, ఉల్లిగడ్డ, కారం వేసి కుండలో కలిపేసింది. కుండలో పట్టక ఒక్క గొడుగు మిగిలింది. చేతులు కడుక్కోవడానికి గడప దగ్గరికి వచ్చి చెంబు వంచింది. వేళ్ల సందుల్లోంచి కారిన నీళ్లు ఆకుపచ్చగా ఉన్నాయి.

ఆమె రంగుకుండ ముట్టి నాలుగు రోజులైంది.

మిగిలిన గొడుగును తెచ్చి వెలుగులో తిప్పింది. నిన్న పొద్దువాలినప్పుడు తెల్లగా కనబడిన అడుగు రేకులు ఇప్పుడు పాచి పట్టినట్టున్నాయి. వేలితో రాస్తే ఆకుపచ్చ పొడి. తువ్వాల మీది మరకలు మళ్లీ కండ్ల ముందుకొచ్చాయి. గుండ్రటి మరకలు, నడుమ నుంచి అంచుదాకా బండిచక్రం ఆకుల్లా సన్నటి గీతలు. చేతులంటితే మరక అలా పడదు.

పిలిచి చెప్పాలి. కానీ ఏమని? చేతులు చూడుండ్రి అని వాడ వినేలా అరిచి ఇంకా అరగంట కాలేదు. కట్టు సంగతి చెప్పింది నర్మద. తువ్వాల ముట్టలేదని చెప్పింది నర్మద. రెండూ నిజమని తన నోటితోనే ఒప్పుకోవాలా? కుండ కింద పడేసి, దించుతుంటే చెయ్యి జారిందంటే సరిపోతుంది. తిట్లు పడతాయి, అంతే.

ఆమె లోపలికి వచ్చేసరికి చంద్రవ్వ కుండ దించేసింది. "జెరం పడ్డ మనిషివి, నువ్వు కూసో," అని జొన్నరొట్టెలు తట్టలో పెట్టి, పళ్లెంలో కూర వేసింది. కుండ ఆమె మోకాలి పక్కనే ఉంది. లింగవ్వ గోడకు ఆనుకుని నిలబడింది.

బావి దగ్గర నుంచి నర్మద వచ్చింది. కండ్లు ఎర్రగా ఉన్నాయి. వచ్చి పళ్లెం ముందు కూర్చుంది.

"అక్కా, ఇయ్యాల మొదటి బుక్క నేను తింట. నువ్వు ఏరినయాటికి వంక పెట్టిన. నీ మీద నాకు నమ్మకమున్నదని అందరు చూడాలె."

"గట్లుండాలె," అంది చంద్రవ్వ.

నర్మద రొట్టె తుంచింది, కూరలో అద్దింది, నోటి దాకా ఎత్తింది.

లింగవ్వ వంగి ఆ చేతి మీద కొట్టింది. రొట్టెముక్క ఎగిరి గోడకు తగిలి కింద పడింది.

ముందు చంద్రవ్వే తేరుకుంది. "థూ! గింత కుళ్లా నీకు? మొదటి బుక్క గూడ దాన్ని తిననియ్యవా?"

సాంబయ్య తల దించుకున్నాడు. లింగవ్వ ఆ మాట పడింది. పడి, అక్కడితో ఊరుకోవచ్చని కూడా అనుకుంది. కుళ్లుబోతు అన్నా ఓర్చుకోవచ్చు. కొక్కులు గుర్తుపట్టరాని మనిషి అంటే ఓర్చుకోలేదు.

"ఏందిది వదినె? సరే, ఎవ్వలు తినకుంటె నేనే తింట," అని లక్ష్మీరాజం పళ్లెం జరుపుకున్నాడు.

"తినకు!" లింగవ్వ పళ్లెం లాక్కుంది. "గవి మంచియి కావు. తువ్వాలకు అంటింది రంగు కాదు. గీ కొక్కులదే."

గడప మీద పెట్టిన గొడుగు తెచ్చి అడుగు చూపించింది. తన కొంగుకే రాసింది. ఆకుపచ్చ గీత పడింది. చంద్రవ్వ ఆ గీత వంక చూసి, మొహం వంక చూసింది.

"నీకెప్పుడు తెలిసింది?"

"కుండ పొయ్యి మీదున్నప్పుడు."

"తెలిసి, పళ్లెంల పెట్టనిచ్చినవా?"

నర్మద లేచి లింగవ్వ ఎదురుగా నిలబడింది. ఆ గొంతులో మెత్తదనం లేదు. "చేతులు చూడుండ్రి అన్నవు గద అక్కా, అందరి ముంగట. గిప్పుడు గూడ అందరి ముంగటనే చెప్పు."

"నీ చేతులది కాదు," అంది లింగవ్వ. "తప్పు నాదే." ఆ రెండు మాటలూ బయటికి రావడానికి జానెడు బట్ట నేసేంత సేపు పట్టినట్టయింది.

కోళ్లు కెలకకుండా అంతా పెరట్లో గొయ్యి తీసి పూడ్చమంది చంద్రవ్వ. ఇంకో మాట కూడా అంది. "ఇగ ఎన్నడన్న పోతె ఇద్దరు కలిసే పోండ్రి. ఒకలు ఏరితె ఇంకొకలు చూడాలె." తిట్లన్నిటి కంటే లింగవ్వకు అదే ఎక్కువ గుచ్చుకుంది.

గడ్డపారతో లింగవ్వ తవ్వింది. నర్మద కుండ ఒంపింది. నర్మదే మాట కదిలించింది. "మా అవ్వ కట్టు సంగతే చెప్పింది గని, గీ పొడి సంగతి చెప్పలే. బోర్లిచ్చి పెడితె తెల్లారేసరికి తెలుస్తదన్నట్టు."

"తెలుస్తది," అంది లింగవ్వ. "తోక గూడ చూడాలె. పుటుక్కున ఇరిగితె వద్దు." చెప్పకుండా దాచుకోవాలనే ఉంది. కానీ అది దాచేది కాదు.

"సరే. వాగవతల గూడ పుట్టలున్నయంట గద అక్కా? బాగ మొలుస్తయంట?"

లింగవ్వ మన్ను కప్పింది. వాగు అవతల తొమ్మిది పుట్టలున్నాయి. ఉరిమిన మూడోనాటికి మొలుస్తాయి. నాగలి పోదు, పశువులు పోవు.

"ఎవలు చెప్పిండ్రో గని, అవతల ఏం లేవు," అంది.

వచ్చే ఉరుముకు ఇద్దరూ కలిసి పోవలసిందే. వాగు దాకా రానియ్యకుండా ఈ పిల్లను ఏ బాటన తిప్పుకు రావాలా అని ఆలోచిస్తూ, గొయ్యి మీద మన్నును కాలితో గట్టిగా తొక్కింది.