తిరగబడ్డ పడవ కింద

కూతురు దివ్య చూపించిన ప్రతి సెయిలింగ్ స్కూలుకీ నాగసతీష్ ఏదో ఒక వంక పెట్టాడు. ఒకచోట నీళ్ళు లోతన్నాడు. ఇంకోచోట గాలి ఎక్కువన్నాడు.

"తెరచాప పడవ గాలి లేకపోతే ఎలా నడుస్తదండీ నాన్నగారూ?" అని పిల్ల నవ్వింది. అతను నవ్వలేదు.

అతనికి నచ్చింది ఒక్కటే, చెరువులో నేర్పే స్కూలు. "మా పడవ తిరగబడే ప్రశ్నే లేదండీ, ఆయ్, నాది పూచీ," అన్నాడు అక్కడి మేనేజరు. ఆ రాత్రి సతీష్‌కి హాయిగా నిద్రపట్టింది.

"అది స్కూలు కాదండీ, ఉయ్యాల," అంది దివ్య. పదమూడేళ్ళ పిల్ల. "ఈ చివరి స్కూలు కూడా వద్దంటే ఇంక అడగనండి."

కోపంగా అని ఉంటే భరించేవాడు. మామూలుగా అంది. అడగడం మానేసిన పిల్లలు అదే ఇంట్లో ఉంటూనే ఎంత దూరం వెళ్ళిపోతారో అతనికి తెలుసు. తమ్ముడు పోయాక తనూ ఇంట్లో ఎవర్నీ ఏమీ అడగలేదు. అందుకే ఉప్పలగుప్తంలో కొబ్బరికాయల దింపు పని మనుషులకి వదిలేసి, కాకినాడ అవతల ఏరు సముద్రంలో కలిసే ఏటిమొగ దగ్గరున్న ఆ స్కూలుకి పిల్లని తీసుకొచ్చాడు.

ఒక రేకుల షెడ్డు, ఇసుకలో బోర్లించిన చిన్న పడవలు. నేర్పే ఆవిడ పేరు రూతు. మెడలో ఈల వేలాడుతోంది.

"పాపకి ఈతొచ్చాండీ?"

"కాలవలో ఈదుతుంది."

"పర్లేదండి. మొదటి పాఠం పడవ తిరగెయ్యడమే. పాపని కూచోబెట్టి మేవే తిరగేస్తాం."

దివ్య మొహం వెలిగింది. సతీష్ వెంటనే అడిగాడు.

"లైఫ్ జాకెట్ తొడుగుతారా?"

"తొడక్కుండా దింపుతామాండీ!"

ఎవరికైనా ధైర్యమిచ్చే మాట. అతనికి మాత్రం తమ్ముడికి కట్టిన కొబ్బరికాయలు గుర్తొచ్చాయి.

కోనసీమలో ఈత నేర్చుకునే పిల్లలకి రెండు ఎండు కొబ్బరికాయలు జతగా కడతారు. మునగనివ్వవు. సతీష్ చిన్నప్పటి మాట. తమ్ముడు గోపీకృష్ణకి ఇంకా ఈత రాదు. నాటుపడవలో ఏటి అవతల లంకతోటకి బయలుదేరుతుంటే అమ్మ జాగ్రత్తకని వాడికి కాయలు కట్టి పంపింది. ఏటి మధ్యలో పడవ తిరగబడింది. నాన్న, సతీష్ ఎలాగో గట్టెక్కారు. కాయలున్నాయి కదా, తేలుతూ కొట్టుకుపోయి ఉంటాడని ఊరంతా దిగువకి పరిగెత్తింది. పడవ రెల్లుదుబ్బుకి తగిలి అక్కడే ఆగి ఉంది. దాని వంక ఎవరూ చూడలేదు. సాయంత్రం తిప్పి చూస్తే గోపీ దాని కిందే ఉన్నాడు. కాయలు వాణ్ణి పైకి నెట్టి పడవకి అదిమేశాయి. కిందికి మునిగి బయటపడనివ్వలేదు.

"జాకెట్ తొడుక్కుని పడవ కింద చిక్కుకుంటే?" అన్నాడు సతీష్. "అది పైకే తోస్తుంది కదండీ. మునిగి బయటికెలా వస్తుంది?"

రూతు అతన్ని పరీక్షగా చూసింది. "ఇది ఎవరూ అడగరండి. అందుకే మొదట అదే నేర్పుతాం. కంగారు పడకుండా అంచు పట్టుకుని లాక్కుంటూ పక్కకొచ్చెయ్యాలి. టైముంటదండి. కింద గాలుంటది కదా."

"ఎక్కడ?"

"తిరగబడ్డ పడవ కింద. గిన్నె బోర్లించి నీళ్ళలో అదమండి, లోపల గాలుండిపోద్ది. అలాగన్నమాట."

"ఎంతసేపు?"

"పాఠమాండీ? గంట."

"గాలి."

"పడవని బట్టండి. చాలాసేపే."

దివ్య అప్పటికే జాకెట్ బిగించుకుంటోంది. వద్దనే మాట నోటిదాకా వచ్చింది. కానీ చెరువు స్కూల్లో ఈ గాలి సంగతి ఎవరూ చెప్పరు.

నడుంలోతు నీళ్ళలో దివ్య కూచున్న పడవని రూతు ఒక్క తోపు తోసింది. పడవ బోర్లాపడింది. దివ్య కనబడలేదు.

సతీష్ చెప్పులతోనే నీళ్ళలోకి దిగిపోయాడు. పడవ వీపు మీద రెండు చేతులూ ఆనించాడు. లోపల్నించి గొంతు వినిపించింది, కుండలోంచి వచ్చినట్టు.

"నాన్నగారూ! భలే ఉందండీ ఇక్కడ! మీరు పలకండి!"

అతను పడవకి చెవి ఆనించాడు. ఇంత బాగా వినిపిస్తుందన్నమాట. ఆ రోజు అందరూ గోపీ, గోపీ అని కేకలు పెడుతూ పడవ కిందున్న వాడి గొంతుకే దూరంగా పరిగెత్తారు. అందరికంటే ముందు తను.

దివ్య అంచు కిందనుంచి బయటికొచ్చి, తల విదిలించి నవ్వింది. ఆ నవ్వు చూసి అతనికి సంతోషం రాలేదు. బయటపడటం ఇంత తేలికా అని ఒళ్ళంతా కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు.

"చేర్చుకోండి," అన్నాడు రూతుతో.

ప్యాంటు తడారకముందే అమ్మ ఫోన్ చేసింది.

"చెరువు దాంట్లోనే చేర్చేవా?"

"లేదమ్మా. ఇక్కడే."

"అదేంట్రా! తిరగబడదని పూచీ ఇచ్చింది వాళ్ళు కదా?"

"వీళ్ళు తిరగబడుతుందని చెప్పేరు."

"నీ ఇష్టం నాయనా. నీళ్ళంటే నాకు గోపీగాడే గుర్తొస్తాడు. వాడి ప్రాణం క్షణంలో పోయిందన్నారు, బాధ తెలీకుండా. ఆ ఒక్క మాట పట్టుకునే బతుకుతున్నాను. కదరా?"

సతీష్ ఏటివైపు చూశాడు. దివ్య మళ్ళీ తిరగెయ్యమని రూతుని బతిమాలుతోంది.

"అవునమ్మా," అన్నాడు. "క్షణంలోనే."