చుట్టిన చాప

పొయ్యి వెలిగించడం, ఆర్పడం చూడాలి. వాన వస్తే బట్టలు తీసిందో లేదో చూడాలి. చాప పరవాలి. వాళ్ళన్న వచ్చినప్పుడు తాను సాయం చేయకూడదు. సాయంత్రం రెండో తాళంచెవి ఇచ్చేయాలి.

లోసలిని నోటుపుస్తకంలో రాసుకున్న ఆఖరి జాబితా అది. సువా నగరంలోని బధిరుల కేంద్రంలో ఇరవై రెండేళ్ళుగా ఆమె చేసిన పని ఒక్కటే, చెవులు వినపడని పెద్దవాళ్ళకు సొంతంగా బతకడం నేర్పడం. రేపటి నుంచి ఆ పని ఉండదు. ఆమె భారీ మనిషి. మెట్టు మెట్టుకీ మోకాలు పట్టుకుని ఆగుతుంది. చేతులతో మాట్లాడీ మాట్లాడీ వేళ్ళ కణుపులు వాచిపోయాయి.

ఆమె దగ్గర నేర్చుకున్న ఆఖరి మనిషి టిమలేటి. నబువా కొండవాలులో ఆమె ఇల్లు ఒక్కటే గది. గుంజల మీద చెక్క నేల, పైన రేకులు. లోపల టిమలేటి కెటిల్ మూతకు గుడ్డ చుట్టి దానిమీద అరచెయ్యి ఆనించి నిలబడింది. మూత వణకగానే మంట తగ్గించి నిమ్మాకులు వేసింది. నలభై ఒక్క ఏళ్ళ మనిషి. రెండేళ్ళ కిందట కోరో దీవి నుంచి వచ్చి, బడిపిల్లల యూనిఫారాలు కుట్టే దుకాణంలో కుదురుకుంది. అక్కడ అన్న అపెనిసా ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఆమెకు ఏ లోటూ లేదు. ఏ పనీ చెప్పకుండా, ఏ సంగతీ చెప్పకుండా చూసుకున్నారు.

ఆ అన్న ఈవేళ వస్తున్నాడు. ఒంటరి బతుకు ఆమె వల్ల కాదనిపిస్తే మంగళవారం పడవలో వెనక్కి తీసుకుపోతానని ముందే కబురు పంపాడు.

మూలన చాప చుట్టి నిలబెట్టి ఉండటం చూసి లోసలిని మనసు చివుక్కుమంది. ఎర్ర ఉన్ని అంచుతో తన చేత్తో అల్లి ఇచ్చిన చాప అది.

"ఇదేంటమ్మా, అన్న వస్తుంటే కటిక నేలా?" అంది చేతులతో. "చాప లేని ఇల్లూ ఒక ఇల్లేనా? నాకు మాట రాదూ?"

టిమలేటి బదులు చెప్పడానికి చేతులెత్తింది. అప్పటికే లోసలిని అటు తిరిగి, మోకాళ్ళ మీద వంగి చాప పరుస్తోంది. చూడని మనిషికి చేతులతో ఏం చెబుతుంది? టిమలేటి చేతులు దించుకుంది.

చాప అంచులు సర్దుతుంటే లోసలినికి మేనత్త గుర్తొచ్చింది. ఆవిడకు పుట్టుచెవుడు. ఊళ్ళో ఇంటిని ఆనుకున్న వంటపాకలోనే బతుకంతా గడిచిపోయింది. రోజూ పడుకోబోయే ముందు చాప తీసి పక్కన పెట్టి, చెంప చెక్క నేలకు ఆనించి పడుకునేది. పిచ్చిది అనేవారు అందరూ. చిన్నప్పుడు లోసలిని జాలిపడి, ఆవిడ కళ్ళు మూసుకున్నాక మెల్లగా తల కిందికి చాప తోసేది. ఆవిడ కళ్ళు తెరిచి, నవ్వి, చాప పక్కకు నెట్టి, మేనకోడలి బుగ్గ తట్టేది. ఆ తట్టిన చెయ్యే తనను ఈ పనిలోకి తెచ్చిందని లోసలిని ఎవరికీ చెప్పలేదు.

వెనక తొట్టిలో నీళ్ళు పట్టుకుని వచ్చేసరికి చాప మళ్ళీ చుట్టి మూలకు చేరింది. టిమలేటి తలుపు వైపు వీపు తిప్పి కూర్చుని, కర్రపెండలం చెక్కు తీస్తోంది.

తిట్టేదే, కానీ బయట గుసగుస వినపడింది. అపెనిసా గొంతు, భార్యతో. "పిలవకు కెలెరా. తలుపు కొట్టకు. ఎవడో దొంగ ఇలాగే వస్తే దీనికి తెలుస్తుందా? చూద్దాం."

టిమలేటికి తెలియజేయడానికి ఒక్క సైగ చాలు. లోసలిని చెయ్యి దానంతటదే లేవబోయింది. పీట మీద కూలబడి, చేతిని తొడ కిందికి నెట్టి, బరువంతా దానిమీద వేసి కూర్చుంది. తలుపు తెరిచే ఉంది. వసారా చెక్కమీద ఒక అడుగు పడింది. ఇంకొకటి.

టిమలేటి కత్తి ఆగింది. వెనక్కి తిరగకుండానే తడిచేతులతో అంది. "ఇద్దరు. ఒకరు కుంటుతున్నారు. మా అన్న కాలు మళ్ళీ నొప్పి చేసినట్టుంది."

లేచి, చేతులు తుడుచుకుని, గుమ్మంలోకి వెళ్ళి నిలబడింది. అపెనిసా ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉండిపోయింది.

వాళ్ళ ఆచారంలో ఎదిగిన అన్నాచెల్లెళ్ళు ఎదురెదురుగా మాట్లాడుకోరు. అందుకే కెలెరా మధ్యలో కూర్చుని, తనకు తెలిసిన సైగలతో అటుదిటూ ఇటుదటూ చేరవేసింది. "నా ప్రాణానికి వచ్చింది. ఇంతకీ చెవుడు మీ ఇద్దరిలో ఎవరికో నాకింకా తెలీలేదు" అంది. అందరికంటే ముందు టిమలేటి నవ్వింది, వదిన పెదాలు చూసి.

అపెనిసా కటిక నేల మీదే కూర్చుని టీ తాగాడు. కప్పు దించి భార్యతో అన్నాడు. "దానితో చెప్పు. పడవలో రెండు చోట్లే చాలు."

వాళ్ళు వెళ్ళాక లోసలిని మూలనున్న చాప వైపు చూసి కనుబొమలెగరేసింది. ఈసారి మొహం తిప్పుకోలేదు.

"చాప మీద అడుగు చచ్చిపోతుంది అత్తా. ఉత్త చెక్క అయితే నా కాళ్ళకు చెబుతుంది. పొద్దున్నే చెప్పబోయా, మీరు చూడలేదు."

లోసలిని వంగి చెక్కమీద అరచెయ్యి ఆనించింది. వంటపాకలో మేనత్త చెంప కింద ఇల్లంతా నడిచేదన్నమాట. తమ్ముడు ఎప్పుడొచ్చాడో, పిల్లలు ఎప్పుడు పడుకున్నారో ఆవిడకు తెలిసేది. ప్రతిరాత్రీ ప్రేమగా ఆ చెవి మూసింది తానే.

తాళంచెవి టిమలేటి అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది. "చాప తీసుకెళ్ళండత్తా" అంటే వద్దంది. వసారా దిగబోతూ ఆగి, చెక్కమీద రెండుసార్లు కాలు తాటించింది. లోపల అటు తిరిగి కప్పులు కడుగుతున్న టిమలేటి, తిరగకుండానే చెయ్యెత్తి ఊపింది. లోసలిని సన్నటి వానలో బస్సు వైపు దిగిపోయింది. మళ్ళీ ఆ మెట్లెక్కలేదు.

ఊళ్ళో ఆ మేనత్తను పేరు పెట్టి పిలిచిన వాళ్ళు లేరు. ఆవిడ పేరు విలిమైనా. గుర్తుంచుకోండి. ఎర్ర ఉన్ని అంచు చాప మాత్రం టిమలేటి ఇంట్లో, ఆ మూలన, చుట్టినది చుట్టినట్టే నిలబడి ఉంది.