ఆవులు లేని ఫొటో

పోయిన నెల డ్రోను తీసిన ఫొటో చూపించి "తూర్పు బీడులో మట్టి కొట్టుకుపోతోంది" అని కోడలు ప్రకటిస్తే, మామగారు కళ్ళద్దాలు సవరించుకుని చూశాడు. "మట్టి కాదమ్మా, మన ఎర్రావులు. పడుకుని నెమరేస్తున్నాయి." ఇంటిల్లిపాదీ పగలబడి నవ్వారు. ఆ రోజు నుంచి ఆమెకు మట్టి డాక్టరమ్మ అన్న పేరు ఖాయమైపోయింది.

అంతమాత్రానికి తోక ముడిచే రకం కాదామె. ఈసారి పాలు పితికే వేళ, మంద మొత్తం కొట్టంలో ఉండగా డ్రోను ఎగరేసింది. రెండు నెలల ఫొటోలూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూసింది. నీళ్ళ తొట్టి వెనక మొదలైన గండి నాలుగు బారలు సాగి, వాలు దిగి దూడల పాక వైపు వస్తోంది. పదకొండు దూడలున్న పాక. వానలకు వారం కూడా లేదు. ఈసారి ఆమెకు అనుమానం ఆవగింజంత లేదు.

"మామయ్యగారూ, తొట్టి అక్కణ్ణించి తీసెయ్యాలి. ఆవులన్నీ నీళ్ళకోసం ఒకేచోట తొక్కి గడ్డి చంపేశాయి. గట్టి వాన పడితే గండి నేరుగా పాకలోకే."

"ముప్పై ఏళ్ళుగా అక్కడే ఉందమ్మా తొట్టి. గండి పడితే రోజూ తిరిగే నాకు కనపడదూ?"

"మీరు నడిచేది గట్టు మీద. ఇది ముళ్ళపొదల వెనక."

"ఈసారి పడుకున్నవి దూడలేమోలే!"

మొగుడు కిసుక్కున నవ్వాడు. ఆమె ఒక్క చూపు చూసేసరికి కంచంలోకి తల దించేశాడు. మామగారు చెయ్యి కడుక్కుని, పనుందంటూ వెళ్ళిపోయాడు.

మర్నాడు అదే వేళకు మళ్ళీ ఎగరేసింది. ఆయన నమ్మేదాకా రోజూ కొలిచి ముందు పెట్టాలని ఆమె పట్టుదల. తెర మీద తొట్టి వచ్చింది, పొదలు వచ్చాయి. పొదల వెనక మామగారు!

గండి అంచున గొంతుక్కూర్చుని చేతికర్ర లోపలికి దించుతున్నాడు. కర్ర పిడి దాకా దిగిపోయింది. ఆయన లేచి, రొద విని తలెత్తి, డ్రోనును కేకలేసి పిలిచాడు. దానికి చెవులుంటే కదా! ఆ సంగతి తట్టి కాబోలు, గునపంతో తవ్వుతున్నట్టు చేతులాడించాడు.

ఆమె డ్రోను దించేసి, గునపాలూ మొగుణ్ణీ వెంటబెట్టుకుని పరుగెత్తింది.

మామగారు తొట్టికి ఓ పక్క అప్పటికే చెయ్యి వేసి ఉన్నాడు.

"చూశాను. ఆవులు కావు," అన్నాడు. "దీన్ని ఎక్కడ పెట్టమంటావో చెప్పమ్మా."