అరవై మూడేళ్ల అత్తగారి గర్భం

మా అత్తగారికి అరవై మూడేళ్లు. మంగళవారం పొద్దున ఆమె ఫోనుకి ఆసుపత్రి నుంచి మెసేజ్ వచ్చింది: మీరు గర్భవతి. ఆమె వెళ్ళింది చక్కెర పరీక్షకి.

మామగారు మండిపడతారనుకున్నాను. ఆయన గొర్రెను కోయించి, అపార్ట్‌మెంటులో అన్ని తలుపులూ తట్టి భోజనానికి పిలిచొచ్చారు.

ఆ మెసేజ్‌లు పంపే ప్రోగ్రాము రాసింది మా ఆఫీసే. బిష్కెక్‌లో ఇంకెవరూ అంత నమ్మకంగా అంత చెత్తగా రాయరు. మా యజమాని సబీర్‌బెక్‌ని అందరం బైకే, అంటే అన్నా, అని పిలుస్తాం; ఆయన గదిలోకి తలుపు కొట్టకుండానే వెళ్ళాను.

"బైకే, పేషెంటు పేరు ఎక్కడ దాచారు?"

"హ్యాండ్లర్‌లోనే. ఇంకెక్కడ దాస్తారు, బురుల్?"

మా ప్రోగ్రాములో ప్రతి మెసేజూ రెండు హ్యాండ్లర్ల, అంటే పని చక్కబెట్టే రెండు కోడ్ ముక్కల, చేతులు దాటాలి. మొదటిది పేరు కనుక్కుంటుంది, రెండోది ఆ పేరు చూసి రిపోర్టు అంటిస్తుంది.

"ప్రతి మెసేజ్‌తో పాటు దాని సంచి దానికి ఉంటుంది. పేరు అందులో వెయ్యమని ఎన్నిసార్లు మొత్తుకున్నాను?"

"సంచీ ఎందుకు? మా ఇంట్లో విందుకి అరవై మందికి టీ పోస్తాం. ఎవరి టీ గిన్నె ఎవరిదో, ఒక్క పియాలా కూడా మారదు."

"పోసేది మీ కోడలు. మీరు దిండుకి ఆనుకుని మాంసం తింటారు. ఆ పిల్ల ఎవరి పియాలా వాళ్ళకే పంపుతుంది. మీ ప్రోగ్రాము అందరికీ కలిపి ఒకే పియాలా పెట్టుకు కూర్చుంది! అందులో మా అత్త పేరు పడింది. రెండో హ్యాండ్లర్ చూసేలోపే ఇంకొకామె పేరు దానిమీద పడింది. రిపోర్టు ఆమెది, ఫోను మా అత్తది. మా అత్త చక్కెర ఎంతో ఇప్పటికీ ఎవరికీ తెలీదు. ఆపండి దాన్ని."

"మధ్యాహ్నం మంత్రిత్వ శాఖ వాళ్ళు చూడ్డానికొస్తున్నారు. ఆపను. అయినా ఇద్దరు పేషెంట్ల మెసేజ్‌లు ఒకేసారి రావడం ఎప్పుడో గాని జరగదు."

"పొద్దున్నే ఆసుపత్రి వరుసలో ఎప్పుడైనా నిలబడ్డారా?"

"నేను వరుసల్లో నిలబడను. నాకు అక్కడ తెలిసినవాళ్ళున్నారు."

నా బల్ల దగ్గరికెళ్ళి సర్వర్ ఆపేశాను. ఆయన పరుగెత్తుకొచ్చాడు.

"ఎవరాపారు?"

"నేనే."

"రేపట్నుంచి రాకు!"

"రేపటిదాకా ఎందుకు? ఇప్పుడే పోతున్నా. అత్తని మళ్ళీ రక్తపరీక్షకి తీసుకెళ్ళాలి."

ఇంటికెళ్తే వరండాదాకా జనం. అత్తగారు ఇంటి పెద్దలు కూర్చునే పై స్థానంలో దిండు మీద కూర్చుని చెంచాతో ఆప్రికాట్ జామ్ తింటున్నారు. మామగారే టీ పోస్తున్నారు.

"అపా, ఆ మెసేజ్ తప్పు," అన్నాను అత్తగారి చెవిలో; అమ్మా అన్నట్టే ఆమెని అపా అంటాను.

"నాకు తెలీదుటే? అరవై మూడేళ్లకి కడుపేంటి? మీ మామకి మాత్రం చెప్పకు. పెళ్ళయినప్పట్నుంచీ నన్ను లేవనివ్వకుండా కూర్చోబెట్టింది ఇవాళే."

"లేవండి, పరీక్షకెళ్దాం."

"రేపెళ్దాం. ఇవాళ నేను గర్భవతిని."

ఇంకో చెంచా తీసుకున్నారు. నేను ఆ జామ్ గిన్నె లాక్కుని, వంటింటి అల్మారాలో పెట్టి, తాళం వేసి, విందుకొచ్చిన వాళ్ళందరూ చూస్తుండగా తాళంచెవి జేబులో వేసుకున్నాను.