రంగు నిలవని గూడు

మా ఊళ్ళో ఏరు చేపల్నీ ఇస్తుంది, శవాల్నీ ఇస్తుంది. చేపలకి నేను ఉప్పూ కారం పెడతాను. శవాలకి ఊరంతా పేర్లు పెడుతుంది. ఏరు తెచ్చినవాళ్ళకి ఓ పేరు, పేరుతోపాటు రోజూ గ్లాసుడు నీరు. మగ్దలేనా ఏటి గట్టున ఇదీ మా ఆచారం. పేరు తెలియని శవాన్ని శ్మశానం గోడలోని గూట్లో పెట్టి సిమెంటుతో మూసేస్తారు. మనసుపడ్డవాడు దానిమీద రంగుతో ఓ పేరు రాసి సొంతం చేసుకుంటాడు. మూడుసార్లు తట్టి కోరిక చెప్పుకుంటాడు. గోడకి గోడు వెళ్ళబోసుకోవడమన్నమాట.

నా గూటివాడి పేరు ఫోర్తునాతో, అంటే అదృష్టవంతుడు. లాటరీ నంబరు అడిగితే ఇంతవరకూ సున్నా కూడా చెప్పలేదు. అయినా ఏట్లో తేలినవాడికి అదృష్టమేమిటి, నా మొహం!

పక్క గూడు పడవల ఎలిసియోది. అందులో ఉన్నది మెడకి తాడుతో కొట్టుకొచ్చిన ఆడమనిషి. ఆమె తేలింది గాని కేసు తేలలేదు. ఎలిసియో ఆమెని ఎంచుకుని 'రోసా' అని రాశాడు. తెల్లారేసరికి ఆ రంగు పొలుసులు పొలుసులుగా ఊడి కిందపడింది, నేను చేపని గీకినట్టు. 'మరియా' అని రాశాడు. అదీ ఊడింది. అదే నీలం రంగు డబ్బాలోంచి నేను రాసిన ఫోర్తునాతో మాత్రం నిగనిగలాడుతున్నాడు.

"గోడ చెమ్మ, అన్నా," అన్నాడు ఎలిసియో.

"నీ గోడా నా గోడా ఒకటేగదరా. చెమ్మ నీ మొహం మీదుంది, తుడుచుకో."

చివరికి 'చిచార్రా' అని రాశాడు. కీచురాయి అన్నమాట. ఆ రంగు నిలిచింది. ఎన్ని ఎండలు కాసినా, ఎన్ని వానలు కురిసినా చెక్కు చెదరలేదు.

"ఆడమనిషికి పురుగు పేరేంట్రా?"

"నోటికొచ్చింది, రాశాను."

ఊరంతా తమ గూళ్ళని కోరికలతో వేపుకు తింటుంటే, వాడు మాత్రం నీళ్ళు పెట్టి తట్టకుండా వెళ్ళిపోయేవాడు. తడితే పలుకుతుందని భయపడ్డట్టు.

ఆమధ్య ఎగువనించి ఎర్మెలిందా అనే పెద్దావిడ నా చేపల కొట్టుకి వచ్చింది. వెంట పాత కేసులు తవ్వే ఇన్‌స్పెక్టర్ సొరైదా. పెద్దావిడ కూతురు నెయ్‌లా ఎవడో పడవవాడితో వెళ్ళి మళ్ళీ కనబడలేదట.

"ఎముకలు దొరికినా చాలు నాయనా, ఇంటికి తీసుకుపోతాను," అంటూ నేను వేపిన చేప ముట్టకుండానే లేచింది. మేం వెంట నడుస్తుంటే శ్మశానంలో గూళ్ళమీది పేర్లు చదువుకుంటూ పోయి ఒకచోట గోడ పట్టుకుని నిలబడిపోయింది.

"ఇదెవరు రాశారు?"

"మా ఎలిసియో. ఏంటమ్మా?"

"చిన్నప్పుడు దాని వాగుడికి నేను పెట్టుకున్న ముద్దుపేరు. ఇంకెవరు పిలిచినా ఒప్పుకునేది కాదు. మనసిచ్చినవాడికి తప్ప చెప్పి ఉండదు."

నా నోట్లో జోకు చచ్చిపోయింది. సరిగ్గా అప్పుడే ఎలిసియో నీళ్ళగ్లాసుతో వచ్చాడు.

"ఈమె నీకు తెలుసా?" అంది సొరైదా.

"ఏరిచ్చిన శవం. నాకెలా తెలుస్తుంది మేడం?"

"పేరెలా తెలిసింది మరి?"

వాడు గ్లాసు కింద పెట్టాడు. మా ఎవరితోనూ కాదు, గోడతో మాట్లాడాడు.

"రోసా అంటే గీకేశావు. మరియా అంటే గీకేశావు. నీ పేరు రాసేదాకా రాత్రిళ్ళు నా చెవిలో ఆ గోళ్ళ చప్పుడు ఆపలేదు గదే!" అని సొరైదావైపు తిరిగాడు. "పుట్టింటికి పోతానంది మేడం. నేనే చంపాను. ఆ తాడు నా పడవదే."

పెద్దావిడ వాడివైపు చూడలేదు. ఆ గ్లాసు తీసుకుని గూటి ముందు పెట్టింది. మూడుసార్లు తట్టింది.

"చిచార్రా! లే తల్లీ, ఇంటికి పోదాం."

పొద్దుటినించీ చెవులు చిల్లులు పడేలా అరుస్తున్న కీచురాళ్ళు ఒక్కసారిగా ఆగిపోయాయి. ఇన్నేళ్ళూ చెక్కు చెదరని ఆ పేరు, అక్షరం తరవాత అక్షరం, మా కళ్ళముందే రాలి ఆవిడ పాదాలమీద పడింది.

పరీక్షలయ్యాక పెద్దావిడ కూతురి ఎముకలు ఒళ్ళో పెట్టుకుని పడవెక్కింది. నేను రేవునించి తిన్నగా శ్మశానానికి వెళ్ళాను, ఫోర్తునాతోకి నీళ్ళు పెడదామని.

వాడి పేరులో మొదటి అక్షరం లేదు. కింద, తడి నేలమీద, నీలం పొలుసులు.

తట్టబోయిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"ఎవరు నాయనా నువ్వు?" అన్నాను, కాస్త దూరంగా నిలబడి.